ఎదురు మగ్గానికి చెప్పిన మాట

మా తమ్ముడు జీవితంలో ఒకే ఒక్క సినిమా తీశాడు. పట్టుమని పావుగంట కూడా లేని సినిమా. ఇప్పుడు వాడి పాటలకి మైదానాలు నిండుతున్నాయి, గిటారు పట్టుకుని జుట్టు విరబోసుకున్న వాడి బొమ్మ కుర్రకారు చొక్కాల మీద ఊరేగుతోంది. అదంతా తరవాతి సంగతి. ఆ వేసవిలో మాత్రం వాడు సినిమా కాలేజీలో ఆఖరు సంవత్సరం చదువుతున్న కుర్రాడు. భుజాన కాలేజీవాళ్ళ కెమెరా, వీపున గిటారు, చేతిలో మాసిన బట్టల సంచి. అలా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాలేజీ మళ్ళీ తెరిచేలోగా ఒక చిన్న సినిమా తీసి చూపించాలట. లేకపోతే పట్టా ఇవ్వరట.

దేని గురించి తీస్తావురా అని అమ్మ అడిగింది. నాన్న గురించి అన్నాడు. నాన్నలో తియ్యడానికి ఏముంది, పొద్దున వెళ్తాడు, సాయంత్రం వస్తాడు అంది అమ్మ. అదే తీస్తానన్నాడు వాడు. అమ్మ నా వైపు తిరిగి, గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం కదిపి, "ఇందుకా ఇంత చదువు" అంది. తమ్ముడు అప్పటికే సంచిలో తల దూర్చి ఏదో వెతుక్కుంటున్నాడు. లేకపోతే వాడికీ అందేది ఆ మాట.

మా ఇంటి మాటతీరు గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. నాన్న మర మగ్గాల షెడ్డులో నేతగాడు. నేను అదే షెడ్డులో నూలు కండెలు చుట్టేదాన్ని. అమ్మ కూడా మోకాళ్ళు అరిగేదాకా అక్కడే చేసింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే, పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వెచ్చటి గాలి తగులుతుంది తప్ప మాట రాదు. అందుకని షెడ్డులో ఎవరూ అరవరు. పెదాలు కాస్త సాగదీసి, ఒక్కో మాటా నమిలినట్టు, చప్పుడు లేకుండా అంటారు. ఎదుటివాడు కళ్ళతో వింటాడు. దాన్ని పెదవి మాట అంటాం. తికమక పడ్డచోట వేళ్ళు సాయం వస్తాయి. ఆ కొసన ఒకావిడ తన వేవిళ్ళ సంగతి చెబితే టీ గంట కొట్టేలోగా ఈ కొసకి చేరిపోయేది.

ఆ అలవాటు మనిషి వెంటే ఇంటికీ వస్తుంది. అమ్మా నాన్నా పోట్లాటలన్నీ అలాగే పడేవారు. ఎంత నెమ్మదైన సంసారమో అని ఇరుగుపొరుగు వాళ్ళు మెచ్చుకునేవారు. ఏమేం తిట్టుకునేవారో మాకు తెలుసు. నేనూ తమ్ముడూ మాటలు పలకడంతో పాటే పెదాలు చదవడం నేర్చుకున్నాం. కాకపోతే వాడు చిన్నప్పుడే హాస్టలు చదువుకి వెళ్ళి, నోరు తెరిచి గట్టిగా మాట్లాడే మనుషుల మధ్య పడ్డాడు. ఆ కన్ను కొంచెం మొద్దుబారింది.

అలాంటి ఇంట్లో, అలాంటి షెడ్డులో, మనిషికి చెవుడు వస్తే దాచుకోవడం చాలా తేలిక. ఆ వేసవి నాటికి మా నాన్నకి రెండు చెవులూ పోయాయి. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. షెడ్డువాళ్ళు ఎవరు పలుకుతారు గనక. ఎదురుగా నిలబడి అడిగితే చక్కగా జవాబు చెప్పేవాడు. నాకు తెలియలేదు, అమ్మకీ తెలియలేదు. లోకం మొత్తం మీద ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే. నాన్న మగ్గాలకి ఎదురుగా మగ్గాలు నడిపే ఆయన. ఆయనకీ మాకూ రక్తసంబంధం లేదు, ఎదురెదురు మగ్గాల సంబంధం. నాన్న బావా అనేవాడు, మేం ఎదురు మావయ్య అనేవాళ్ళం.

దాచుకోవలసిన అవసరం ఏమిటంటే, షెడ్డులో ఒక నియమం ఉంది. కరెంటు పోయినప్పుడు మగ్గాన్ని ఆపి ఉంచే పిడి దించి, అప్పుడు చెయ్యి లోపల పెట్టి తెగిన పోగులు అతకాలి. ఎవరూ దించరు. దించి ఎత్తేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. కరెంటు తిరిగొచ్చాక, మగ్గాలకి మెయిను వేసే ముందు హారను మోగిస్తారు, ఆ కూతకి అందరూ చేతులు లాగేసుకుంటారు. నేను పనిలో చేరక ముందు ఒకాయనకి ఆ కూత వినపడలేదు. వేళ్ళు పోయాయి. అప్పటినుంచి చెవి మందగించిన మనిషిని మగ్గాల దగ్గర ఉంచరు, మడత గదికి పంపేస్తారు. నేసిన బట్టని మడిచి దొంతర పెట్టే గది అది. ముసలివాళ్ళు, జబ్బువాళ్ళు, రేపోమాపో మానేసేవాళ్ళు చేసే పని. నాన్నకి ఆ గది పేరు ఎత్తితేనే మొహం ముడుచుకుపోయేది. ఆయన మగ్గాల మీద ఒక్క పోగు తప్పు ఉండేది కాదు. షెడ్డు చూడడానికి ఎవరొచ్చినా యజమాని ముందు ఆ వరసకే తీసుకువచ్చేవాడు.

ఏడాదికొకసారి చెవుల పరీక్ష ఉండేది. పరీక్షంటే పెద్ద ఏమీ లేదు. షెడ్డు మేస్త్రీ వెనక నిలబడి గంట ఆడిస్తాడు, వినపడినవాడు చెయ్యెత్తాలి. వరసలో ముందే నెగ్గిన ఎదురు మావయ్య ఎదురు గోడకి ఆనుకుని కనుబొమ ఎత్తేవాడు. నాన్న చెయ్యెత్తేవాడు.

తమ్ముడు వచ్చిన దగ్గరనుంచీ సాయంత్రాలు ఇల్లు దడదడలాడేది. గిటారుకి మోత పెంచే పెట్టె ఒకటి తగిలించి, ఆ పెట్టెని భోజనాల బల్ల మీద పెట్టి వాయించేవాడు. అమ్మ తలకి గుడ్డ చుట్టుకుని వెనకింటావిడ దగ్గరకు పోయేది. నాన్న మాత్రం బల్ల ముందు కుర్చీ లాక్కుని, అరచెయ్యి బల్ల మీద ఆనించి, వాడి మొహంలోకి చూస్తూ కదలకుండా కూర్చునేవాడు. ఎలా ఉంది నాన్నా అని వాడు అడిగేవాడు. బాగుంది అనేవాడు నాన్న. ఒక్కోసారి ఇంకొంచెం సాహసించి, రెండోది ఇంకా బాగుంది అనేవాడు. వాడి మొహం వెలిగిపోయేది.

ఒకరోజు నాతో అన్నాడు, "కాలేజీలో నేను వాయించేదాన్ని అందరూ గోల అంటారక్కా. ఒక్కడు కూడా చివరిదాకా కూర్చోడు. నాన్న కూర్చుంటాడు."

"నాన్నకి గోల అలవాటేగా" అన్నాను.

"కాదు. నాన్న వింటాడు" అన్నాడు వాడు.

యజమాని షెడ్డులో సినిమా తియ్యనిచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు. పూర్తయ్యాక పనివాళ్ళందరికీ క్యాంటీనులో ఆడించి చూపించాలి. తన షెడ్డు సినిమాలో ఎక్కుతోందని ఆయనకి లోపల్లోపల సంబరం. మేస్త్రీకి మాత్రం ఇదంతా పని చెడగొట్టే వ్యవహారం. తమ్ముడు కెమెరా కాళ్ళు ఎక్కడ పాతినా వెనకాలే వచ్చి నిలబడేవాడు.

ఆ ఎండల్లో షెడ్డు లోపల ఉండడమంటే ఉడికే గిన్నెలో ఉన్నట్టే. గాలి ఆరితే పోగులు తెగుతాయని కిటికీలు మూసేసి, నేల మీద నీళ్ళు చల్లుతారు. దూది నుసి గాలిలో తేలి, చెమట పట్టిన మెడకి అంటుకుంటుంది. తమ్ముడు మొదటి రోజు మైకు పెట్టి చూశాడు. చెవులకి తగిలించుకున్నవి పీకి నేలకేసి కొట్టినంత పని చేశాడు. మైకులో ఒకటే హోరు, అందులో మగ్గం లేదు, మనిషి లేడు. చివరికి శబ్దం తియ్యడమే మానేశాడు. బొమ్మ మాత్రం తీసి, దాని కింద తన పాట పెట్టుకుంటానన్నాడు. నాకైతే వాడికి కావలసింది కూడా అదేననిపించింది. సినిమా తీస్తున్నాడా, తన పాటకి బొమ్మలు ఏరుకుంటున్నాడా అన్నది వాడి మేష్టార్లు తేల్చుకోవలసిన విషయం.

నాన్నకి కెమెరా అంటే బెరుకు. అది తన వైపు తిరగగానే మెడ బిగుసుకుపోయి, పెళ్ళి ఫోటోలో నిలబడ్డట్టు నిలబడేవాడు. తమ్ముడు ఎదురుగా వెళ్ళి, షెడ్డు పద్ధతిలో పెదాలు కదిపి చెప్పాడు. నేను నా చోటునుంచి చూశాను.

"నాన్నా, శబ్దం తియ్యట్లేదు. రోజూలాగే మావయ్యతో ఏదో ఒకటి మాట్లాడుతూ పని చేసుకో. ఏం మాట్లాడినా ఫరవాలేదు. ఎవరికీ వినపడదు."

ఎవరికీ వినపడదు. ఆ మాట నాన్న తలలో దిగబడిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచీ చెవితో పని లేకుండా మాట్లాడిన మనిషి, పెళ్ళాం తిట్లు కూడా కళ్ళతోనే విన్న మనిషి, ఆ ఒక్క పూట మాత్రం మాటంటే వినపడేదే అనుకున్నాడు. వినపడకపోతే ఎవరికీ తెలియదనుకున్నాడు. తనకే ఏదీ వినపడని మనిషి అలా నమ్మడంలో వింతేముంది. తమ్ముడు కెమెరా పట్టుకుని వరస చివరిదాకా వెళ్ళిపోయాడు. అంత దూరంనుంచి, నిలువునా దిగిన పడుగు పోగుల సందులోంచి, నాన్న మొహం ఒక్కటే దగ్గరగా కనపడేలా అద్దం తిప్పుకున్నాడు. నేను కండెల చట్రం వైపు తిరిగి పనిలో పడ్డాను. నాన్న ఎదురు మావయ్యతో మాట్లాడాడు.

తరవాత కొన్ని వారాలు తమ్ముడు ఒక కంప్యూటరు తెచ్చుకుని గదిలో తలుపేసుకున్నాడు. అన్నం ముందు కూర్చున్నా వేళ్ళు బల్ల మీద తాళం వేస్తూనే ఉండేవి. చూపించరా అంటే అయ్యాక చూద్దువుగానీ అనేవాడు. చెప్పడం మాత్రం ఒకటే చెప్పేవాడు. "నాన్న దవడ చూడాలక్కా నువ్వు. కిందకీ పైకీ, కిందకీ పైకీ. అడుగున నా పాట పెడితే ఒక్క దెబ్బ తప్పట్లేదు. నేను రాసిన తాళం ఆయన మొహంలో ఎలా వచ్చిందో నాకే అర్థం కావట్లేదు." ఆ ముక్కని ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిప్పి చూశాడో. చూసినంతసేపూ దవడనే చూశాడు. మాటని చూడలేదు.

క్యాంటీనులో ఆడించిన రోజు మధ్యాహ్నం షిఫ్టు కాస్త ముందే ఆపారు. కిటికీలకి మా షెడ్డులో నేసిన ముతక గుడ్డలే కట్టి చీకటి చేశారు. తెర కూడా మా గుడ్డే. ముందు వరసలో కుర్చీలు వేసి యజమాని, ఆయన భార్య, ఆయన తీసుకొచ్చిన చుట్టాలు ఇద్దరు. వాళ్ళ పక్కన మేస్త్రీ. వెనక బల్లల మీదా నేల మీదా షెడ్డు మొత్తం. అమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి నాన్న పక్కన కూర్చుంది. తమ్ముడు పక్కన చిన్న మేజా మీద సినిమా ఆడించే మిషను పెట్టుకుని నిలబడ్డాడు. గిటారు మోతతో సినిమా మొదలైంది.

పడుగు పోగుల మధ్య పేక నూలు లాక్కుంటూ నాడె అటూ ఇటూ పరుగెత్తింది. చేతులు పోగులు అతికాయి. ఒక ముసలావిడ కండెల బుట్ట మోసుకుని ఆ కొసనుంచి ఈ కొసకి నడిచింది. బాగా తీశాడు, కాదనను. తరవాత తెర మీద ఇద్దరు కుర్ర నేతగాళ్ళు కనపడ్డారు. ఒకడు రెండోవాడితో పెదాలు కదిపి, మేస్త్రీ నడకని గురించి, ఆ నడకకి కారణం గురించి, ఇంట్లో ఆడవాళ్ళ ముందు అనలేని మాట ఒకటి అన్నాడు. క్యాంటీను మొత్తం ఒక్కసారి గొల్లుమంది. పొట్టలు పట్టుకున్నారు. తెర మీద ఆ మాట అన్న కుర్రాడు ఇక్కడ బల్ల కిందకి దూరాడు.

యజమాని వెనక్కి తిరిగి, ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. మేస్త్రీ కూడా మగ్గాల మీదనుంచి పైకి వచ్చినవాడే. ప్రతి అక్షరం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తమ మొహాలు తాము చూసుకుని నవ్వుతున్నారండి" అన్నాడు.

తమ్ముడు కూడా ముందు నవ్వాడు. వాడి సినిమాకి జనం నవ్వుతున్నారని మురిసిపోయాడు. ఆ తరవాత నవ్వు ఎక్కడ వచ్చిందో లెక్క తప్పినట్టు తెర వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఆ సినిమాలో పాట కాక ఇంకా ఏదో ఉందని వాడికి అప్పుడే తట్టింది. అది నేను వాడి మొహంలో చూశాను. వాడి చెయ్యి మిషను మీదకి వెళ్ళింది. అంతలో తెర మీదకి నాన్న మొహం వచ్చింది.

గోడంత మొహం. పడుగు పోగుల నీడలు చెంపల మీద గీతల్లా పడ్డాయి. అడుగున పాట దరువెత్తుకుంది. నాన్న పెదాలు కదిలాయి.

'రెండోది కూడా పోయింది బావా. చలికాలంలో పోయింది. ఇప్పుడు ఏమీ లేదు, గోడలాగుంది.'

క్యాంటీనులో నవ్వు ఆగిపోయింది.

'హారను కూసినప్పుడు చెయ్యి ఊపడం మర్చిపోకు. నిన్న కొంచెం ఆలస్యం చేశావు. ఈ ఏడు గంట పరీక్షకి కూడా నువ్వే చూడాలి.'

పెదాలు ఒక్క క్షణం ఆగాయి. నాన్న వంగి పోగు అతికి మళ్ళీ లేచాడు. తమ్ముడి వేలు మిషను మీద ఉంది. ఆపితే ఎందుకాపావని యజమాని అడుగుతాడు. ఆపకపోతే అందరూ చదువుతారు. ఆ రెండింటి మధ్య వాడు రాయిలా నిలబడిపోయాడు. అదీగాక, వాడు కూడా మాతోపాటు అప్పుడే చదువుతున్నాడు.

'మావాడు రోజూ వాయించి ఎలా ఉంది నాన్నా అంటాడు. ఒక్క ముక్క వినపడి చస్తేగా. బల్ల అదురుతుంది, అది తెలుస్తుంది. బాగుందంటాను. ఇంకేం అనమంటావు? తెలిస్తే వాడు వాయించడం మానేస్తాడు బావా. ఇంట్లో ఎవరికీ చెప్పకు.'

పాట ఉరుముతూనే ఉంది. యజమాని కాలు మీద కాలు వేసుకుని, పాదం తాళానికి ఆడిస్తున్నాడు. ఆయన భార్య ఎంత బాగుందో అన్నట్టు తల ఊపుతోంది. వెనకాల షెడ్డు మొత్తం తెరనే చూస్తూ కూర్చుంది. ఒక్క తల కూడా నాన్న వైపు తిరగలేదు. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తన మొహాన్ని తానే చూస్తున్నాడు.

సినిమా అయ్యాక యజమాని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఆ పెద్ద మొహం వచ్చినప్పుడు ఆయనేదో చెబుతున్నాడు, ఏమిటది అని యజమాని మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ నాన్న వైపు చూశాడు. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను, మాకు మాత్రం చాలాసేపు అనిపించింది.

"పోగు గురించండి. ఈమధ్య నూలు సరిగా రావట్లేదని" అన్నాడు.

 ఇంటికెళ్ళాక అమ్మ చెప్పులు విప్పకుండానే నాన్న ఎదురుగా నిలబడింది. చాలా ఏళ్ళ తరవాత అమ్మ ఆయనతో గొంతు పెట్టి మాట్లాడడం విన్నాను. ఆయనకి వినపడదని తెలిసిన పూటే.

"నాకు చెప్పలేదు. ఎదురు మగ్గానికి చెప్పావు" అంది.

నాన్న తలొంచుకున్నాడు. తల వంచుకుంటే ఇక అమ్మ ఏమన్నా ఆయనకి అందదు. అమ్మ ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.  కాసేపు అలాగే పట్టుకుని, వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్నా ఆ ముక్క తీసేస్తాను, రేపే తీసేస్తాను అన్నాడు. నాన్న వాడిని చూసి, చెయ్యి అడ్డంగా ఊపాడు. తియ్యొద్దనో, ఇప్పుడొద్దనో మాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం గిటారు పెట్టెలోంచి బయటికి రాలేదు.

మర్నాడు నాన్న ఎప్పటిలాగే పనికి వెళ్ళాడు. షెడ్డులో ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రీ వరసల మధ్య తిరుగుతూ నాన్న మగ్గాల దగ్గర మాత్రం ఆగకుండా పోయాడు. గడిచిపోయినట్టే అనుకున్నాం. మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలు ఒక్కొక్కటే నీరసించి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో మనుషులు గొంతులు సవరించుకోవడం, ఎవరో దగ్గడం వినపడింది. నేతగాళ్ళందరూ చేతులు లోపల పెట్టి పోగులు అతుక్కుంటున్నారు. నాన్న కూడా. నేను కండెలు వదిలేసి ఆయనవైపే చూస్తున్నాను.

హారను కూసింది.

ఎదురు మావయ్య చెయ్యెత్తి ఊపాడు. ఆయన ఒక్కడే కాదు. పక్క మగ్గం ఆయన ఊపాడు. ఆ వెనక వరసలో ఒకావిడ ఊపింది. మేస్త్రీ గురించి కూసిన కుర్రాడు మగ్గం పట్టె మీదకి ఎక్కి రెండు చేతులూ ఊపాడు. ఈ కొసనుంచి ఆ కొసదాకా షెడ్డు షెడ్డంతా చేతులెత్తింది. ఎవరూ ఎవరితోనూ అనుకుని చేసింది కాదు. ఎవరికి వాళ్ళు, ఎదురు మావయ్య ఒకవేళ మర్చిపోతే ఎలా అనుకున్నారు. నా చెయ్యి కూడా గాలిలోనే ఉంది.

నాన్న చేతులు లాగేసుకున్నాడు. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. ఆయన మాత్రం అలాగే నిలబడి ఆ చేతులన్నిటినీ చూశాడు. ఒక్క మనిషి రహస్యంగా చెయ్యి ఊపినన్నాళ్ళూ ఆయన నేతగాడే. ఇంతమంది ఊపాక ఏమయ్యాడో ఆయనకి తెలిసింది. నేను వాళ్ళని తప్పు పట్టను. వాళ్ళు ఊపకుండా ఎలా ఉంటారు.

నాన్న తన మగ్గాలు ఒక్కొక్కటిగా ఆపాడు. పిడి దించాడు, నియమం ప్రకారం, ప్రతిదానికీ. పోగులు అతికే కొక్కెం నడుముకి కట్టుకున్న సంచిలోంచి తీసి, ఎదురు మావయ్య మగ్గం మీద పెట్టాడు. మావయ్య వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. నాన్న ఆయన భుజం తట్టి, మేస్త్రీ దగ్గరకు నడిచి, ఎదురుగా నిలబడి ఏదో అన్నాడు. నాకు వీపు మాత్రమే కనపడింది. మేస్త్రీ పెదాలు చదివాను. "నేను ఏమీ చూడలేదు, వెళ్ళి పని చేసుకో" అంటున్నాడు. నాన్న కదలలేదు. కాసేపటికి మేస్త్రీ మెడలో తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, నాన్న భుజం మీద చెయ్యి వేసి మడత గది వైపు నడిచాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక నాన్న తిన్నగా తమ్ముడి గదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. తమ్ముడు కంప్యూటరులో ఆ ముక్క ముందు పెట్టుకుని, తియ్యడానికి చెయ్యాడక కూర్చున్నాడు. తెర మీద నాన్న మొహం ఆగిపోయి ఉంది, నోరు సగం తెరుచుకుని.

"ఉంచు" అన్నాడు నాన్న.

"అందరూ చూస్తారు నాన్నా."

"అందరూ చూశారుగా. ఇంకెవరున్నారు?" అని, కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా కూర్చున్నాడు. "ఆ పాట తీసెయ్యి."

తమ్ముడు అర్థం కానట్టు చూశాడు. ఆయన గట్టిగానే మాట్లాడుతున్నాడు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకి తెలియదు.

"నేను ఆ మాటలు చెప్తుంటే యజమాని కాలు ఊపుతున్నాడు. అప్పుడు తెలిసింది అడుగున పాట ఉందని. నా మాట మీద పాట ఎందుకు?"

"మరి అక్కడ ఏం పెట్టను?"

"ఏమీ పెట్టకు."

 "నేను వాయించింది నీకు ఎప్పుడూ..." అని తమ్ముడు ఆగిపోయాడు. నాన్న వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"చిన్నప్పుడు గిన్నెల మీద వాయించేవాడివి. అది విన్నాను" అన్నాడు. "మానకు."

కాలేజీ తెరిచాక వాళ్ళ సినిమాలన్నీ వరసగా ఆడించే రోజుకి నాన్నా నేనూ కూడా వెళ్ళాం. అమ్మ రానంది. తనకి తెలియాల్సింది తెలిసిందట. పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు, గోడలకి నల్లటి శబ్దం పెట్టెలు. పరీక్షించే మేష్టార్లు మధ్య వరసలో కూర్చున్నారు. ఒక్కో సినిమా అయ్యాక ఏదో గుసగుసలాడుకుంటున్నారు. తమ్ముడి వంతు వచ్చింది. గిటారు మోత గోడలు అదిరేలా వచ్చేసరికి ఒక పెద్దాయన చెవులకి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. నాడె పరుగెత్తింది, చేతులు ఆడాయి, ముసలావిడ నడిచింది. కుర్ర నేతగాడి మాటకి అక్కడ ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాపుకున్నాను.

నాన్న మొహం వచ్చింది. పాట తెగిపోయింది. ఎక్కడో చిన్న శబ్దం కూడా లేదు. ఆ హాలులో గాలి ఆడే చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న పెదాలు కదులుతున్నాయి. ముందు వరసలో పిల్లలు తలలు తిప్పి శబ్దం పెట్టెల వైపు చూశారు. ఒకరిద్దరు గొణుక్కున్నారు. మధ్య వరసలోని పెద్దాయన, ఏదో ఊడినట్టుందంటూ లేచి, మిషను గది వైపు నడవబోయాడు. శబ్దం దగ్గర తమ్ముడికి మార్కులు కోసేశారని తరవాత తెలిసింది. పట్టా మాత్రం వచ్చింది. తీసేసిన ఆ పాటని వాడు ఇప్పటిదాకా ఏ వేదిక మీదా వాయించలేదు.

తమ్ముడు గోడవారనుంచి రెండడుగులు ముందుకొచ్చాడు.

"వైరు బాగానే ఉంది సార్, కూర్చోండి" అన్నాడు.

పెద్దాయన వాడి మొహం చూసి, మళ్ళీ తెర వైపు చూసి, కూర్చున్నాడు. మా నాన్న ఇంకా చెబుతూనే ఉన్నాడు.